బాయిలర్ ఎవరి మాట వింటుంది?

శనివారం రాత్రి పదకొండున్నరకి నా ఫోన్ మోగిందంటే రెండే కారణాలుంటాయి. ఆఫీసు సర్వర్ అయినా పడిపోయి ఉండాలి, లేదా లీడ్స్ నుంచి మా అక్క అయినా అయి ఉండాలి.

ఈసారి అక్క. వీడియో కాల్. తలకి మంకీ క్యాప్, ఇంట్లోనే కోటు, ఒళ్లో రెండు దుప్పట్లలో చుట్టిన మా ఏడు నెలల మేనకోడలు. ముక్కు కొస ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

"తమ్మీ, పొద్దుగాల సంది హీటింగ్ వస్తలేదు. ఇల్లంత ఐసైంది. గోడ మీది డబ్బా పదమూడు చూపిస్తుంది."

పదమూడు అంటే ఇంటి లోపల పదమూడు డిగ్రీలు. అక్కడ పసిపిల్లలు పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలని చెప్తారు. బావ నైట్ డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "సోమవారం మనిషిని పంపిస్తాం" అన్నాడట. అక్కడ టైమ్ సాయంత్రం ఆరు, బయట ఎప్పుడో చీకటి పడిపోయింది. సోమవారానికి మధ్యలో రెండు రాత్రులున్నాయి.

నేనేమో రఘునాథపల్లిలో మా ఇంట్లో, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నా. నా జన్మలో సెంట్రల్ హీటింగ్ ఉన్న ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. మాకు తెలిసిన హీటింగ్ అంతా సంక్రాంతి ముందు వాకిట్లో వేసుకునే చలిమంటే. అయినా ఇంజినీరింగ్ చదివాడు కదా అని మిక్సీ ఆగినా నన్నే పిలుస్తారు. చదివింది కంప్యూటర్ సైన్స్ అని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. అక్క కూడా వినలేదు.

ఈ వారం కాలమ్ ఆ రాత్రి గురించే. అందులో హీరో నేను కాదు, నాలుగంగుళాల డబ్బా ఒకటి. దాని పేరు మోటరైజ్డ్ వాల్వ్.

ముందు నేను చేసిన తప్పు

అక్క ఇంట్లో హీటింగ్‌కి ఫోన్ యాప్ ఉంది. యాప్ ఉందంటే మనకి ధైర్యం కదా. స్క్రీన్‌షాట్ పంపమన్నా. "టార్గెట్ 20, ప్రస్తుతం 13, హీటింగ్ ఆన్" అని ఉంది. పక్కనే ఆరెంజ్ కలర్‌లో మంట బొమ్మ.

ఆ మంట బొమ్మని నేను నమ్మేశా. "ఆన్‌లోనే ఉందక్కా, కొంచెం ఆగితే వేడెక్కుతుంది" అన్నా. ఇరవై నిమిషాలు ఆగాం. ఏమీ లేదు. గోడ మీది థర్మోస్టాట్ బ్యాటరీలు మార్పించా. వైఫై రౌటర్ ఆపి మళ్లీ వేయించా. యాప్ డిలీట్ చేయించి మళ్లీ ఇన్‌స్టాల్ చేయించా. ప్రతిసారీ మంట బొమ్మ వచ్చేది. రేడియేటర్ మాత్రం చల్లగానే ఉండేది. ఇలా ముప్పావు గంట పోయింది. పాప ఏడుపు మొదలుపెట్టింది.

ఆ చప్పుడికి లోపలి గదిలోంచి బాపు లేచి వచ్చాడు.

"ఏందిరా, ఇంక పండలేదా?"

విషయం చెప్పా. బాపు ఫోన్ తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని అక్కని ఒక్కటే అడిగాడు.

"బిడ్డా, నల్లాల వేడినీళ్లు వస్తున్నయా?"

"వస్తున్నయి బాపూ. మంచిగ కాలుతున్నయి."

"గట్లయితే పొయ్యి మంచిగనే ఉన్నది. ఎక్కడనో గేటు పడలే."

నేను ముప్పావు గంటలో అడగని ప్రశ్న అది. అంత సేపు నేను అడిగిందల్లా యాప్ ఏం చెప్తోందని. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో అడగలేదు.

ఇంటి లోపలి కాలువలు

బ్రిటన్ ఇళ్లలో మామూలుగా ఉండే హీటింగ్‌ని అర్థం చేసుకోవడానికి మన పొలం చాలు. బోరు ఉన్న చోట బాయిలర్ అనుకోండి. గ్యాస్ మండించి నీళ్లు వేడి చేస్తుంది. ఒక పంపు ఆ వేడినీళ్లని రాగి పైపుల్లోకి తోస్తుంది. పైపులు గది గదికీ వెళ్తాయి. ప్రతి గదిలో గోడకి ఒక ఇనుప పలక ఉంటుంది, అదే రేడియేటర్. నీళ్లు దాని లోపల తిరిగి, వేడి గదికి ఇచ్చేసి, చల్లబడి మళ్లీ బాయిలర్‌కి వస్తాయి. పొలంలో నీళ్లు మడిలో ఇంకిపోతాయి. ఇక్కడ అవే నీళ్లు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, అంతే తేడా.

ఇంట్లో వేడికి ఇంకో గిరాకీ కూడా ఉంది. స్నానానికి, గిన్నెలకి వేడినీళ్లు. అక్క ఇంటిలాంటి ఇళ్లలో ఒక అల్మారాలో పెద్ద సిలిండర్ ఉంటుంది. అందులో కొళాయి నీళ్లుంటాయి. బాయిలర్ నుంచి వచ్చే పైపు ఒకటి ఆ సిలిండర్ లోపల చుట్టలు చుట్టుకుని మళ్లీ బయటికి వస్తుంది. ఆ చుట్ట వేడికే కొళాయి నీళ్లు కాగుతాయి. రెండు నీళ్లూ కలవవు. రేడియేటర్‌లో తిరిగే నీళ్లు మన నల్లాలోకి రావు.

అంటే బోరు ఒకటే, మళ్లు రెండు. ఒకటి రేడియేటర్ల మడి, ఇంకోటి సిలిండర్ మడి. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చెప్పేందుకు పైపు రెండుగా చీలిన చోట రెండు గేట్లుంటాయి. పొలంలో అయితే మనమే వెళ్లి గేట్ వాల్వ్ తిప్పుతాం. అక్కడ ఆ పని చిన్న మోటారు చేస్తుంది. అదే మోటరైజ్డ్ వాల్వ్. ఇలా రెండు విడి వాల్వులతో కట్టే పద్ధతిని అక్కడి ప్లంబర్లు ఎస్ ప్లాన్ అంటారు. ఒకే వాల్వ్‌కి మూడు మూతులుండి, అదే అటూ ఇటూ తిరిగి పంచే పద్ధతి వై ప్లాన్. ఈ రెండు పేర్లూ హనీవెల్ కంపెనీ పెట్టినవి, తర్వాత అందరికీ వాడుకైపోయాయి.

బాపు మాటతో నాకు అర్థమైంది ఏంటంటే, సిలిండర్ మడికి నీళ్లు పారుతున్నాయి. అంటే గ్యాస్ ఉంది, బాయిలర్ ఉంది, పంపు ఉంది. ఈ మూడింటినీ ఒక్క ప్రశ్నతో లిస్టులోంచి కొట్టేయొచ్చు. తప్పు రేడియేటర్ల దారిలోనే ఉంది.

డబ్బా లోపల ఏముంది

అల్మారా తలుపు తీయించి కెమెరా లోపలికి పెట్టమన్నా. సిలిండర్ పక్కన రెండు రాగి పైపులు, ఒక్కో పైపు మీద ఒక్కో లోహపు డబ్బా. రెండూ అచ్చం కవలల్లా ఉన్నాయి. సిలిండర్ వైపు పోయేది వేడినీళ్ల వాల్వ్, నేల కిందికి పోయేది రేడియేటర్ల వాల్వ్. ఈసారి అక్కని ఆగమని ఇంకో ఫోన్‌లో ఆ మోడల్ తయారీదారు ఇచ్చే కాగితాలు చదివా. ముందే చేయాల్సిన పని.

పైపులో ఉండే ఇత్తడి భాగంలో రబ్బరు బిరడా ఒకటి ఉంటుంది. అది దారికి అడ్డంగా ఉంటే వాల్వ్ మూసుకున్నట్టు, పక్కకి జరిగితే తెరుచుకున్నట్టు. ఆ బిరడాకి ఒక ఇరుసు. ఇరుసు మీద డబ్బా. డబ్బాలో నాలుగు వస్తువులు: చిన్న మోటారు, పళ్ల చక్రాలు, ఒక స్ప్రింగ్, ఒక బుల్లి స్విచ్.

థర్మోస్టాట్ "చలిగా ఉంది" అనగానే మోటారుకి కరెంటు వస్తుంది. మోటారు బలం తక్కువే, కానీ పళ్ల చక్రాలు దాని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. ఇరుసు మెల్లగా తిరుగుతుంది, స్ప్రింగ్ సాగుతుంది, బిరడా పక్కకి జరుగుతుంది. అన్నీ కలిపి కొన్ని సెకన్ల పని. చివరికి వచ్చాక మోటారు తిరగడం ఆగిపోతుంది, కానీ కరెంటు ఆగదు. అలా బలంగా పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆగి నిలబడినా వెంటనే కాలిపోకుండా ఉండేలానే దాన్ని తయారు చేస్తారు.

గది వేడెక్కాక థర్మోస్టాట్ కరెంటు తీసేస్తుంది. పట్టు వదలగానే స్ప్రింగ్ వెనక్కి లాగి బిరడాని మూసేస్తుంది. తెరవడానికి మోటారు, మూయడానికి స్ప్రింగ్. కరెంటు పోయినా వాల్వ్ దానంతటదే మూసుకుంటుందన్నమాట.

ఇంతవరకూ మామూలే. నన్ను ఆపేసింది నాలుగో వస్తువు, ఆ బుల్లి స్విచ్.

బాయిలర్ వినేది గేటు మాట

నేను అనుకున్నది ఇది: థర్మోస్టాట్ ఒకేసారి ఇద్దరికి చెప్తుంది. వాల్వ్‌కి "తెరుచుకో" అని, బాయిలర్‌కి "మండు" అని. మనలో చాలామంది అలానే డిజైన్ చేస్తాం.

అక్కడ అలా లేదు. థర్మోస్టాట్ చెప్పేది వాల్వ్‌కి ఒక్కదానికే. వాల్వ్ తెరుచుకుంటూ తెరుచుకుంటూ దాదాపు చివరికి వచ్చాక, తిరిగే భాగం ఆ బుల్లి స్విచ్‌ని నొక్కుతుంది. ఆ స్విచ్ పడితేనే బాయిలర్‌కీ పంపుకీ కబురు వెళ్తుంది. అంటే బాయిలర్‌కి థర్మోస్టాట్ ఎవరో కూడా తెలీదు. దానికి తెలిసింది గేటు ఒక్కటే. గేటు "నేను తెరుచుకున్నా" అంటేనే మండుతుంది.

అందుకే ఈ డబ్బాలోంచి మామూలుగా ఐదు వైర్లు వస్తాయి. బ్రౌన్ వైరులో థర్మోస్టాట్ ఆర్డర్ వస్తుంది. నీలం న్యూట్రల్. పచ్చ, పసుపు చారలది ఎర్త్. గ్రే వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, కానీ అది స్విచ్ దగ్గర ఆగిపోతుంది. స్విచ్ పడితే ఆ కరెంటు ఆరెంజ్ వైరులోకి దాటి బాయిలర్‌కి చేరుతుంది. బ్రౌన్ అంటే "పని చెయ్యి". ఆరెంజ్ అంటే "పని అయింది".

ఎందుకింత తిప్పలు? గేట్లన్నీ మూసి ఉండగా బాయిలర్ మండితే ఆ వేడి పోవడానికి దారి లేదు. బాయిలర్ వేడెక్కి తనని తాను ఆపుకుంటుంది, కాస్త చల్లారాక మళ్లీ మండుతుంది, మళ్లీ ఆగుతుంది. గ్యాస్ ఖర్చవుతుంది, ఇంట్లో ఎవరికీ వెచ్చదనం రాదు. ఎవరూ అడగనప్పుడు బాయిలర్ మండకూడదన్న ఈ ఏర్పాటుని బాయిలర్ ఇంటర్‌లాక్ అంటారు. కొత్తగా పెట్టే సిస్టమ్‌లకి అది ఉండాలని ఇంగ్లండ్ భవన నిబంధనలే చెప్తాయి.

చలి వేస్తే యంత్రమే గేటు తెరవాలన్న ఆలోచన చాలా పాతది. 1885లో అమెరికాలో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ అనే ఆయన బొగ్గు కొలిమికి ఇలాంటిదే తయారు చేశాడు. గది చల్లబడితే కొలిమికి గాలి వెళ్లే తలుపుని ఒక మోటారు యంత్రం తెరుస్తుంది, మంట పెరుగుతుంది. రాత్రి లేచి కొలిమి దగ్గరికి వెళ్లే పని తప్పింది. ఆయన మొదలుపెట్టిన కంపెనీయే చేతులు మారి, పేర్లు మారి తర్వాత హనీవెల్ అయింది.

ఇప్పుడు యాప్‌లోని మంట బొమ్మ సంగతి. అది బ్రౌన్ వైరు దాకానే చెప్తోంది. "ఆర్డర్ పంపించాను" అని మాత్రమే దాని అర్థం. ఆరెంజ్ వైరు సంగతి ఆ యాప్‌కి తెలీదు. నేను ముప్పావు గంట ఆర్డర్‌ని చూసి పని అయిందనుకున్నా. రోజూ ఆఫీసులో జూనియర్లకి "రిక్వెస్ట్ పంపావు సరే, అవతలి వైపు పని అయిందో లేదో చూశావా?" అని క్లాసు పీకే మనిషిని నేను.

లీవర్ పరీక్ష

డబ్బా పక్కన చిన్న లీవర్ ఉంటుంది. ఒక కొసన "ఆటో", ఇంకో కొసన "మాన్యువల్" అని రాసి ఉంటుంది. ప్లంబర్లు పైపుల్లో నీళ్లు నింపేటప్పుడు వాల్వ్‌ని చేత్తో తెరవడానికి దాన్ని పెట్టారు. కానీ మనకి అది లోపలి సంగతి చెప్పే గూఢచారి కూడా.

థర్మోస్టాట్ 20కి పెట్టించి అక్కని ఆ లీవర్‌ని వేలితో మెల్లగా జరపమన్నా. వాల్వ్ ఇప్పటికే తెరుచుకుని ఉంటే లీవర్ వదులుగా, ఏ అడ్డూ లేకుండా జారుతుంది. మూసుకుని ఉంటే బిగుతుగా, లోపల స్ప్రింగ్ ఎదురు తన్నుతున్నట్టు ఉంటుంది.

"గట్టిగున్నది తమ్మీ."

అంటే థర్మోస్టాట్ "తెరుచుకో" అని అరుస్తూనే ఉంది, గేటు కదల్లేదు. మోటారు పోయిందా, దానికి కరెంటే రావట్లేదా అన్నది డబ్బా విప్పితే గానీ తెలీదు. ఆ డబ్బాలో 230 వోల్టులుంటాయి. పాపని చంకనేసుకుని ఉన్న మా అక్కకి స్క్రూడ్రైవర్ పట్టమని చెప్పేంత ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా.

కానీ లీవర్ ఉంది కదా. "దాన్ని ఆ చివరిదాకా లాగి గాడిలో తగిలించక్కా" అన్నా. తగిలించింది. గేటు తెరుచుకుంది. పది నిమిషాలు చూశాం. రేడియేటర్ చల్లగానే ఉంది.

ఎందుకో నాకు అప్పుడు వెలిగింది. అక్క ఇంట్లో ఉన్న రకంలో లీవర్‌తో తెరిస్తే బిరడా జరుగుతుంది గానీ స్విచ్ పడేంత దూరం వెళ్లదు. ఆరెంజ్ వైరులో కబురు లేదు. గేటు తెరిచే ఉంది, కానీ బాయిలర్‌కి చెప్పేవాళ్లు లేరు.

నేను తల పట్టుకున్నా. బాపు అప్పటిదాకా గోడకి ఆనుకుని అంతా వింటున్నాడు.

"రెండు గేట్లున్నయన్నవు కదా. ఒక గేటు మాట బాయిలర్ వింటుంది కదా."

"వింటుంది బాపూ. వేడినీళ్లది."

"మరింకేంది? ఈ గేటు చేత్తోని తెరిచి పెట్టుడు. ఆ గేటుతోని మోటర్ ఏపిచ్చుడు. మోటర్ నడిస్తె రెండు మళ్లకు పారవా?"

నేను బాపు మొహం చూస్తూ ఉండిపోయా. కరెక్టే. వేడినీళ్ల వాల్వ్ తన మోటారుతో తెరుచుకుని, తన స్విచ్ నొక్కి, బాయిలర్‌ని పంపుని లేపుతుంది. ఒకసారి పంపు తిరిగితే నీళ్లు తెరిచి ఉన్న ప్రతి దారిలోకీ వెళ్తాయి. రేడియేటర్ల దారి మనం ముందే లీవర్‌తో తెరిచిపెట్టాం.

ఆ రాత్రి నల్లా తిప్పుతూ

యాప్‌లో వేడినీళ్లు ఆన్ చేయించా. ఏమీ జరగలేదు. ఒక్క క్షణం గుండె జారింది. తర్వాత గుర్తొచ్చింది. సిలిండర్‌కి కూడా సొంత థర్మోస్టాట్ ఉంది, 60 డిగ్రీల దగ్గర పెట్టి ఉంటుంది. నీళ్లు ఇప్పటికే కాగి ఉన్నాయి. కాగిన నీళ్లకి గేటు ఎందుకు తెరుస్తుంది? 60 కంటే తగ్గించి పెట్టకూడదు, నిల్వ నీళ్లలో బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంటుంది. పెంచితే నల్లా నీళ్లకి చేతులు కాలతాయి. కాబట్టి దాన్ని ముట్టుకోకుండా, వేడినీళ్లని వాడి ఖర్చు చేయడమే దారి.

"అక్కా, వేడినీళ్ల నల్లా తిప్పు. అంట్లుంటే తోముకో."

"పొద్దటి సంది అన్నీ అట్లనే ఉన్నయి" అంటూ సింక్ నిండా గిన్నెలు చూపించింది.

అంట్లు తోముతుండగా సిలిండర్‌లోకి చల్లని నీళ్లు వచ్చి చేరాయి. కాసేపటికి వంటింట్లో బాయిలర్ "బుస్సు"మంది. అక్క తడి చేతులతోనే హాల్లోకి పరుగెత్తింది. ఫోన్ సింక్ పక్కనే ఉండిపోయింది, మాకు కనిపించేది కిటికీ ఒక్కటే. అవతలి గదిలోంచి అరుపు వినిపించింది.

"బాపూ, గోరువెచ్చగ అయితుంది!"

మా టైమ్ ఒంటిగంట దాటింది. తర్వాత అక్క బట్టలు ఉతికింది. పాపకి స్నానం చేయించింది. తను చేసింది. సిలిండర్ నిండి కాగే దాకా బాయిలర్ నడుస్తుంది, కాగాక ఆగుతుంది, మళ్లీ కొంచెం నల్లా తిప్పితే మళ్లీ నడుస్తుంది. మూడున్నరకి అక్క పంపిన ఫోటోలో గోడ మీది డబ్బా 17 చూపిస్తోంది. పాప దుప్పట్లోంచి రెండు చేతులూ బయటికి పెట్టి పడుకుంది. ఆదివారమంతా అలానే నడిచింది.

సోమవారం వచ్చిన మెకానిక్ పావుగంటలో తేల్చేశాడట. వాల్వ్ మోటారు తిరగడం మానేసింది. ఇత్తడి భాగం బాగానే ఉంది కాబట్టి పైపుల్లో నీళ్లు తీయకుండానే పై డబ్బా ఒక్కటే మార్చాడు. లీవర్ తగిలించి ఉండటం చూసి "ఇది ఎవరు చెప్పారు?" అని అడిగాడట. అక్క "మా నాన్న, వరి పండిస్తాడు" అందట.

మీరో, మీవాళ్లో అక్కడికి వెళ్తుంటే

మీలో కొందరు సెప్టెంబర్ ఇంటేక్‌కి బట్టలు సర్దుకుంటూ ఉంటారు. పచ్చళ్ల డబ్బాలతో పాటు ఈ నాలుగు ముక్కలు కూడా సర్దుకోండి.

ఒకటి. ఇంట్లో దిగిన రోజే సిలిండర్ ఉందో లేదో చూడండి. లేకపోతే అది కాంబీ బాయిలర్. అక్కడ చాలా ఇళ్లలో అదే ఉంటుంది. దాంట్లో నీళ్లు పంచే వాల్వ్ బాయిలర్ లోపలే ఉంటుంది, మనం చూడగలిగేదీ ముట్టుకోగలిగేదీ ఏమీ లేదు. ఈ లీవర్ కథ సిలిండర్ ఉన్న ఇళ్లకే.

రెండు. ఒక్క గదిలోనే చల్లగా ఉంటే మోటరైజ్డ్ వాల్వ్‌ని అనుమానించకండి. ఆ గది రేడియేటర్ పక్కన అంకెలున్న గుండ్రటి పిడి చూడండి. దానికి కరెంటుతో పనే లేదు. మామూలుగా లోపల మైనమో, ద్రవమో ఉంటుంది, గది వేడికి వ్యాకోచించి దారి మూస్తుంది. ఎవరో దాన్ని సున్నాకి తిప్పి ఉండొచ్చు.

మూడు. తప్పు ఇటు కాకుండా అటు కూడా జరుగుతుంది. వాల్వ్ తెరుచుకునే బిగుసుకుపోతే, లేదా ఆ బుల్లి స్విచ్ నొక్కుకునే అతుక్కుపోతే, ఎవరూ అడగకుండానే బాయిలర్ మండుతూ ఉంటుంది. హీటింగ్ ఆపేసినా రేడియేటర్లు వేడిగా ఉంటాయి. చలి లేదు కదా అని వదిలేస్తే నెలాఖరున గ్యాస్ బిల్లు చెప్తుంది.

నాలుగు. లీవర్ దాటి ఇంకేమీ ముట్టుకోకండి. గ్యాస్ పనికి అక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే రావాలి, కార్డు చూపించమని అడగొచ్చు. అద్దె ఇంట్లో హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లు పని చేసేలా ఉంచడం 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ఓనర్ బాధ్యత. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెసేజ్ పెట్టండి, తేదీ ఉంటుంది. బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూడండి. 2022 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో అది కూడా అద్దెకిచ్చేవాళ్ల బాధ్యతే. గ్యాస్ వాసన వస్తే మాత్రం నాలాంటివాడికి వీడియో కాల్ చేయొద్దు. బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి.

బాపు స్టార్టర్

ఆదివారం పొద్దున టీ తాగుతూ బాపుని అడిగా, నీకంత తొందరగా ఎలా తట్టిందని. నవ్వి బోరు కాడి డబ్బా వైపు చూపించాడు.

మీలో ఊళ్లో పెరిగినవాళ్లకి ఆటో స్టార్టర్ తెలుసు. వ్యవసాయానికి కరెంటు విడతలుగా, అర్ధరాత్రి కూడా ఇచ్చిన రోజుల్లో చీకట్లో పాముల మధ్య బావి కాడికి వెళ్లలేక చాలామంది రైతులు అది బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. బాపు కూడా పెట్టించాడు. ఒక ఎండాకాలం బోరులో నీళ్లు అడుగంటాయి. కరెంటు వచ్చింది, మోటారు నడిచింది, నీళ్లు లేకుండా నడుస్తూనే ఉంది. పొద్దున వెళ్లేసరికి కాలిపోయింది. ఆ ఏడు మోటారు పైకి తీసి వైండింగ్ చేయించిన ఖర్చు నా హాస్టల్ ఫీజు కట్టే నెలలోనే పడింది. బాపు అప్పు తెచ్చిన సంగతి నాకు చాలా రోజులు తెలీదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పారు. కరెంటు ఎప్పుడూ ఉంటే మోటార్లు ఎప్పుడూ నడిచి భూమిలో నీళ్లన్నీ ఖాళీ అవుతాయని. బాపుకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అప్పటికే పీకేశాడు.

"గా ఆటో డబ్బకు కరెంటు వచ్చిందా లేదా అన్నది ఒక్కటే ఎరుక. నీళ్లు వచ్చినయా అన్నది దానికి ఎరుక లేదు. అప్పటి సంది నేను మోటర్ చప్పుడు ఇన. పైపు మూతికాడికి పోయి చూస్త."

అక్క అడిగినప్పుడు నేను మోటారు చప్పుడు విన్నా. బాపు పైపు మూతి దగ్గరికి వెళ్లి చూశాడు.

ఆ ఆదివారం సాయంత్రం అక్క ఫోన్ చేసి "అంత మంచిగనే ఉన్నది" అంది. నేను పెట్టేయబోతుంటే బాపు ఫోన్ లాక్కున్నాడు. "రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చెప్పు బిడ్డా" అన్నాడు. అక్క చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉందట. అప్పుడు గానీ అన్నానికి లేవలేదు.